క్యాంపస్ జాబా, గేటా, అమెరికానా, గ్రూప్సా? ఓరుగల్లు సీఎస్‌ఈ విద్యార్థి తేల్చుకునేదెలా

ఎండాకాలంలో పరకాల దగ్గర మా ఊరికి వెళ్తే ప్రతిసారీ ఎవరో ఒకరు ఇంటికొచ్చి అడుగుతారు. "మా పిల్లగాడు సీఎస్‌ఈ మూడో సంవత్సరం అయిపోయింది బిడ్డా. ఇప్పుడేం చేపిస్తే మంచిది?" ఆ వెంటనే నాలుగు పేర్లు వాళ్లే చెబుతారు: క్యాంపస్ జాబు, గేటు (ఎంటెక్ సీటు కోసం రాసే పరీక్ష), అమెరికా, గ్రూప్స్. నాలుగింట్లో ఏది గొప్పదో చెప్పమని వాళ్ల ఉద్దేశం.

నేను హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో చదివి, పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్‌లో పని చేస్తున్నాను. కొన్నేళ్లుగా ఫ్రెషర్లను ఇంటర్వ్యూ చేసే పని కూడా నాకే అప్పగించారు. ఈ నాలుగు దారుల్లోనూ బాగుపడ్డవాళ్లు, దెబ్బతిన్నవాళ్లు నాకు తెలుసు. అందుకని ఏది గొప్పదనే మాట పక్కన పెట్టి, మూడు ప్రశ్నలు ముందు పెట్టుకుని పోల్చి చూడమంటాను. మీ జీతం లేకుండా ఇంట్లో ఎన్ని నెలలు ఆగగలరు? ఆ దారిలో రోజూ చేయాల్సిన పని ముందు మీరు నాలుగైదు గంటలు కుదురుగా కూర్చోగలరా? అనుకున్నది కాకపోతే చేతిలో ఏం మిగులుతుంది?

మూడో ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం. మొదటి రెండూ ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లో వస్తాయి. మూడోది అడిగేవాళ్లు తక్కువ. మిర్చి వేసే రైతు కూడా ధర పడిపోతే కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుందామా, ఓ రెండెకరాలు పత్తి వేసి ఉంచుదామా అని ముందే లెక్క వేసుకుంటాడు. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి ఆ లెక్క వదిలేస్తున్నాం.

నేనూ వదిలేశాను. ఫైనలియర్‌లో గేట్ కోచింగ్‌కి ఫీజు కట్టాను, అమెరికా చదువుకు రాసే జీఆర్‌ఈ పరీక్ష పదాల పుస్తకం కొన్నాను, ప్లేస్‌మెంట్స్ ఎలాగూ ఉంటాయి కదా అనుకున్నాను. వచ్చిన మొదటి రెండు డ్రైవ్‌లలో ఆప్టిట్యూడ్ రౌండ్‌లోనే పోయాను. శాతాలు, కాలం-పని లెక్కలు నాకు రానివి కావు. గడియారం పెట్టుకుని ఒక్కసారైనా చేసి చూడలేదు, అంతే. గేట్‌లో వచ్చిన ర్యాంకుకు ఎక్కడా సీటు రాలేదు. జీఆర్‌ఈ రాయనే లేదు. చివరికి మే నెలలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం దొరికింది. మా బాపు ఏమీ అనలేదు. కానీ ఎరువుల షాపులో బాకీ ఇంకో పంట దాకా జరిగింది. ఆ ఏడాది గుర్తున్నందుకే ఇదంతా రాస్తున్నాను.

క్యాంపస్ ఉద్యోగం: జీతం చిన్నదే, కానీ వెంటనే వస్తుంది

ఇంట్లో ఆరు నెలలు కూడా ఆగలేని పరిస్థితి ఉంటే పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు, ముందు ఉద్యోగమే చూసుకోవాలి. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, కాగ్నిజెంట్ లాంటి సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే తిరుగుతోంది. టీసీఎస్‌లో నింజా అనే మొదటి స్థాయికి 3.36 లక్షలు. అంటే నెలకు 28,000, అందులో పీఎఫ్ లాంటివి పోను చేతికి పాతిక వేలు అటూ ఇటూ. హైదరాబాద్‌లో హాస్టలు, తిండి, బస్సు ఖర్చులు తీసేస్తే ఇంటికి పంపడానికి పది వేలు మిగిలితే గొప్ప. అదే టీసీఎస్ పరీక్షలో పై స్థాయిలు డిజిటల్, ప్రైమ్ ఉన్నాయి. వాటి ప్యాకేజీ దాదాపు రెట్టింపు, అంతకన్నా ఎక్కువ. తేడా అంతా కోడింగ్ ప్రశ్నల దగ్గరే వస్తుంది. ఒకే రోజు, ఒకే హాల్లో కూర్చున్న ఇద్దరికి జీతంలో ఇంత తేడా ఎందుకు వచ్చిందని అడిగితే, ఒకరు రెండో సంవత్సరం నుంచే రోజుకు ఒక ప్రాబ్లమ్ చేశారు, ఇంకొకరు చేయలేదు.

రెండో సంవత్సరంలో ఉన్నవాళ్లు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చాలా సర్వీస్ కంపెనీలు టెన్త్, ఇంటర్, బీటెక్ మూడింట్లోనూ 60 శాతం అడుగుతాయి. డ్రైవ్ రోజుకు బ్యాక్‌లాగ్ ఉండకూడదంటాయి. ఒక సప్లీని "తర్వాత రాసుకుందాం" అని మూడో ఏడాది దాకా లాగితే, ఎంత బాగా కోడ్ రాసినా ఆ హాల్లోకి అడుగు పెట్టనివ్వరు.

వేరేవాళ్ల పని చేసిపెట్టకుండా సొంత సాఫ్ట్‌వేర్ తయారు చేసే ప్రొడక్ట్ కంపెనీలు వేరే లెక్క. జీతం బాగుంటుంది, పని లోతుగా ఉంటుంది, కానీ హన్మకొండ ప్రైవేటు కాలేజీలకు అవి వచ్చేది తక్కువ. నిట్ వరంగల్‌కి వస్తాయి. మనం వాటిని వెతుక్కుంటూ వెళ్లాలి: ఆన్‌లైన్ కాంటెస్టులు, ఇంటర్న్‌షిప్, సీనియర్ల రెఫరల్. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ప్రొడక్ట్ కంపెనీ వస్తేనే చేరతానని చేతిలో ఉన్న ఆఫర్ వదిలేస్తారు. నేనైతే ఆ ఆఫర్ తీసుకుని చేరి, రెండేళ్లు పని చేస్తూ మారమని చెబుతాను. ఎందుకంటే మూడో ప్రశ్నకు ఈ దారి బాగా నిలబడుతుంది. ఉద్యోగం నచ్చకపోయినా, సపోర్ట్ ప్రాజెక్టులో పడేసినా, చేతిలో రెండేళ్ల అనుభవం మిగులుతుంది. దాన్ని ఎవరూ తీసేయలేరు.

ఆఫర్ లెటర్ చేతికొచ్చినా జాయినింగ్ తేదీ రాక నెలల తరబడి ఎదురుచూసిన బ్యాచ్‌లు ఉన్నాయి. కాబట్టి ఆఫర్ వచ్చింది కదా అని పుస్తకం మూసేయకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామన్న కంపెనీకి మాత్రం దండం పెట్టి వచ్చేయండి.

ఇంకొకటి మనసులో బరువుగా ఉంది, చెప్పి తీరాలి. బ్యాక్‌డోర్ జాబ్ ఇప్పిస్తామని రెండు, మూడు లక్షలు అడిగేవాళ్లు, లేని అనుభవం ఉన్నట్టు కాగితాలు చేసిచ్చేవాళ్లు మన జిల్లాల పిల్లలకే వల వేస్తారు. ఇంట్లోవాళ్లకు ఈ రంగం తెలియదు కదా, అందుకు. చేరిన మూడు నెలలకో ఆరు నెలలకో వెరిఫికేషన్‌లో దొరికిపోతారు, ఉద్యోగం పోతుంది, ఆ మచ్చ తర్వాతి కంపెనీల దాకా వస్తుంది. చేతిలో ఏం మిగులుతుందన్న ప్రశ్న వేస్తే ఈ దారిలో మిగిలేది అప్పు ఒక్కటే. ఇది దారి కానే కాదు.

ప్రాజెక్టు సంగతి: ఒక తక్‌పట్టీ

రెజ్యూమెలో ప్రాజెక్టు అన్న చోట ఏం రాయాలని అందరూ అడుగుతారు. డబ్బులిచ్చి కొన్న మేజర్ ప్రాజెక్టు రెండు ప్రశ్నల్లో బయటపడుతుంది. ఈ టేబుల్‌లో ప్రైమరీ కీ ఏది, ఎందుకు దాన్నే తీసుకున్నావు అంటే చాలు, మనిషి తల దించుకుంటాడు. ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్ సిస్టమ్ అని రాసినవాళ్లను నేను లెక్కలేనంత మందిని చూశాను. సగం మందికి ఆ కోడ్ తమ ల్యాప్‌టాప్‌లో నడవదు.

ఒక అమ్మాయి ఇంటర్వ్యూ మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. వాళ్ల బాపు ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతు. బస్తాలు అమ్మినప్పుడు అడ్తిదారు రాసిచ్చే తక్‌పట్టీ ఉంటుంది కదా, బస్తాల లెక్క, తూకం, క్వింటాలు ధర, హమాలీ, దడ్వాయి (తూకం వేసేవాళ్ల) ఖర్చులు, చివరికి చేతికొచ్చే మొత్తం. ఆ కాగితాలు ఏడాది పొడుగునా దాచి, ఏ పంటకు ఎంత వచ్చిందో చెప్పే చిన్న అప్లికేషన్ తయారు చేసింది. జావా, ఒక డేటాబేస్, నాలుగు స్క్రీన్లు. చూడ్డానికి అందంగా కూడా లేదు.

"ఇందులో నీకు కష్టమైంది ఏంటమ్మా?" అని అడిగాను.

"పైసలు ఫ్లోట్‌లో పెట్టిన సార్. మా బాపు కాగితానికి, నా లెక్కకు తేడా వచ్చింది. రూపాయి లోపే గానీ, మా బాపు ఒప్పుకోలే."

ఎందుకొచ్చిందో ఆమె కనిపెట్టింది. జావాలో ఫ్లోట్ అంటే దశాంశ సంఖ్యలు దాచే ఒక డేటా టైపు, అది దాదాపు ఏడు అంకెల దాకానే నమ్మకంగా పట్టుకుంటుంది. 1,75,987.50 అంటే అప్పటికే ఎనిమిది అంకెలు. అలాంటివి పదీ ఇరవై కూడుతూ పోతే పైసలు అటూ ఇటూ జారిపోతాయి. పైగా కంప్యూటర్ 0, 1 అనే రెండు అంకెలతోనే సంఖ్యలను దాస్తుంది కాబట్టి మనం రాసే పదోవంతు, నూరోవంతు చాలాసార్లు దానికి సరిగ్గా కుదరవు. ఆమె మొత్తం లెక్కను పైసల్లోకి మార్చి పూర్ణ సంఖ్యలుగా దాచి, చూపించేటప్పుడు మాత్రం వందతో భాగించింది. లెక్క కాగితంతో కలిసింది.

ఆ ఐదు నిమిషాల్లో డేటా టైపులు తెలుసని, తప్పు ఎక్కడుందో వెతకగలదని, వాడేవాళ్ల మాట వింటుందని మూడూ తేలిపోయాయి. మేం తీసుకున్నాం. ఆమె సీజీపీఏ ఏడుకు కొంచెం పైన. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి లెక్క ఒకటి ఉంటుంది. కిరాణా షాపు ఖాతా పుస్తకం, పాల కేంద్రం కొలతలు, మహిళా సంఘం పొదుపులు. అది తీసుకుని చేయండి. కోడ్ నలుగురూ చూసేలా గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టండి.

గేట్: ఏడాది ఖర్చు, కానీ చదివింది వృథా పోదు

గేట్ మూడు గంటల పరీక్ష. 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 15 మార్కులు జనరల్ ఆప్టిట్యూడ్. మల్టిపుల్ చాయిస్ ప్రశ్నల్లో తప్పుకు మైనస్ ఉంటుంది, అంకె రాసే ప్రశ్నల్లో ఉండదు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఈ చివరి మాట చాలామంది పట్టించుకోరు. మూడో సంవత్సరంలోనే రాయొచ్చు. ఉద్యోగంలో చేరాక కూడా పాత స్కోరుతో ఎంటెక్‌కు వెళ్లొచ్చు. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా డీఏ పేపర్ కూడా పెట్టారు.

చదవాల్సినవి మన సిలబస్‌లోవే: డేటా స్ట్రక్చర్స్, అల్గారిథమ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్, కంపైలర్స్, ఆటోమేటా, కంప్యూటర్ ఆర్గనైజేషన్, డిజిటల్ లాజిక్, డిస్క్రీట్ మ్యాథ్స్. గేట్ గురించి నేను ఎప్పుడూ మంచిగా మాట్లాడేది ఇందుకే. ర్యాంకు రాకపోయినా ఈ పుస్తకాలు చదివిన మనిషి ఇంటర్వ్యూలో వేరేగా కనిపిస్తాడు. నాకు మంచి ర్యాంకు రాలేదని పైన చెప్పాను కదా, తర్వాత నా రెండో ఉద్యోగం ఇంటర్వ్యూలో డెడ్‌లాక్ గురించి, ఇండెక్సింగ్ గురించి చెప్పగలిగింది ఆ అరకొర చదువుతోనే.

ఎవరికి సరిపోతుంది? ఒక సబ్జెక్టు లోతుగా తెలుసుకోవాలన్న ఇష్టం ఉన్నవాళ్లకు, పరిశోధన వైపో పాఠాలు చెప్పే వైపో మనసు ఉన్నవాళ్లకు, కాలేజీ పేరు అడ్డం పడుతోందని బాధపడేవాళ్లకు. మన కళ్ల ముందే నిట్ వరంగల్ ఉంది. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన దేశంలోని మొదటి రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, 2002లో నిట్ అయింది. నాలుగేళ్లు దాని గోడ పక్క నుంచి బస్సులో వెళ్లినవాళ్లు కూడా గేట్ స్కోరుతో సీసీఎంటీ కౌన్సెలింగ్ ద్వారా ఎంటెక్‌కి అదే గేటులోంచి లోపలికి వెళ్లొచ్చు. ఐఐటీల ఆఫర్లు సీఓఏపీ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వస్తాయి. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు మాత్రం పీజీఈఈ అని సొంత పరీక్ష ఉంది. గేట్‌తో ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. ఇంటి నుంచి తిండి ఖర్చు అడగక్కర్లేకుండా రెండేళ్లు గడుస్తాయి.

ఊరికే ఏదో ఒక ఎంటెక్ కోసమైతే మాత్రం వద్దు. స్టైపెండ్ లేకుండా, ఫీజు కట్టి, ల్యాబ్ కూడా సరిగా లేని చోట రెండేళ్లు గడిపితే బీటెక్ అయిన రోజు ఎక్కడున్నారో మళ్లీ అక్కడే నిలబడతారు, వయసు రెండేళ్లు పెరిగి. బీటెక్ అయ్యాక గేట్ లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుంటే ఒక్కసారికే పరిమితం చేసుకోండి. రెండో ఏడాది కూడా గదిలో కూర్చుని చదువుతానంటే నేను ఒప్పుకోను. ఉద్యోగం చేస్తూ పొద్దున రెండు గంటలు చదవండి.

బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ చదివేవాళ్లకు ఎంసీఏ దారి ఉంది. మన రాష్ట్రంలో ఐసెట్, నిట్‌లలో ఎంసీఏకు నిమ్‌సెట్. నిట్ వరంగల్‌లోనూ ఎంసీఏ ఉంది. డిగ్రీ కాలేజీల్లో ఈ నిమ్‌సెట్ మాట వినిపించేది చాలా తక్కువ, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అమెరికా: ముందు అప్పు లెక్క, తర్వాత యూనివర్సిటీ పేరు

పోయిన ఏడాది మా వదిన తమ్ముడు అడ్మిషన్ లెటర్ పట్టుకుని వచ్చాడు. ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేను ఒక కాగితం తీసుకున్నాను. మొత్తం అప్పు 40 లక్షలు, వడ్డీ 11 శాతం అనుకుందాం అన్నాను. ఏడాదికి వడ్డీయే 4,40,000. నెలకు 36,600 పైన. చదివినన్నాళ్లు, ఆ తర్వాత ఆరు నెలలు వాయిదా కట్టక్కర్లేదు అంటారు, కానీ వడ్డీ ఆగదు. సెమిస్టర్‌కు పది లక్షల చొప్పున విడతలుగా తీసుకున్నా, కట్టడం మొదలుపెట్టే రోజుకు ఆ 40 లక్షలు 47 లక్షలు దాటుతాయి. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 65,000 పైన వాయిదా.

అమెరికాలో ఉద్యోగం దొరికితే ఈ వాయిదా పెద్ద బరువు కాదు, నిజమే. అక్కడి జీతంతో మూడు నాలుగేళ్లలో తీర్చేసి చెల్లెలి పెళ్లి చేసినవాళ్లు నాకు తెలుసు. దొరక్క తిరిగి వస్తే? హైదరాబాద్‌లో ఎనిమిది లక్షల ప్యాకేజీ వచ్చినా, చేతికొచ్చే జీతం మొత్తం ఆ వాయిదాకు సరిపోదు. ఆ మాట విన్నాక వాళ్ల నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

భూమి ఉంది కదా అంటారు. వ్యవసాయ భూమిని చాలా బ్యాంకులు చదువు అప్పుకు తాకట్టుగా తీసుకోవు, ఎందుకంటే బాకీల వసూలు కోసం ఉన్న సర్ఫేసీ చట్టం దానికి వర్తించదు. దాంతో ఇల్లో, ప్లాటో లేని ఇళ్లవాళ్లు ఎక్కువ వడ్డీకి ప్రైవేటు సంస్థల దగ్గరికి వెళ్తారు, లేదా ఆ భూమి అమ్ముతారు. అమ్మిన భూమి తిరిగి కొనడం ఎంత కష్టమో మన ఊళ్లలో వేరే చెప్పక్కర్లేదు.

వీసా సంగతి కూడా అంకెల్లోనే చూడండి. చదువు అయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే పని చేసే అనుమతి) 12 నెలలు, కంప్యూటర్ సైన్స్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు కాబట్టి ఇంకో 24 నెలలు, మొత్తం మూడేళ్లు పని చేసుకోవచ్చు. ఆ లోపు హెచ్‌-1బీ అనే ఉద్యోగ వీసా రావాలి. దాని కోటా ఏడాదికి 65,000, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. దరఖాస్తులు కోటా దాటితే ఎంపిక ప్రక్రియలో పేరు రావాలి. 2025 సెప్టెంబర్‌లో కొత్త హెచ్‌-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. అక్కడే చదువుతూ వీసా హోదా మార్చుకునే విద్యార్థులకు అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. నియమాలు ఇలా మారుతూ ఉంటాయి. మీరు వెళ్లే ఏడాది ఏముందో స్వయంగా చదవండి, కన్సల్టెన్సీ మాట మీద ఆగొద్దు. మీరు చేరితే కొన్ని యూనివర్సిటీల నుంచి వాళ్లకు కమిషన్ వస్తుంది.

జర్మనీ లెక్క వేరేగా ఉంటుంది. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు. కానీ వీసా కోసం ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి, 2024 సెప్టెంబర్ నుంచి అది 11,904 యూరోలు. మన సర్టిఫికెట్లు అసలువో కావో చూసే ఏపీఎస్ పరిశీలన తప్పనిసరి. కోర్సు ఇంగ్లిష్‌లో దొరికినా ఉద్యోగానికి జర్మన్ భాష కావాలి, అది రెండో సంవత్సరం నుంచే మొదలుపెట్టాల్సిన పని. అప్పు తక్కువ, ఓపిక ఎక్కువ కావాల్సిన దారి.

నా సలహా ఒకటే. ముందు ఇక్కడ రెండేళ్లు ఉద్యోగం చేసి వెళ్లండి. కొంత డబ్బు చేతిలో ఉంటుంది, ఏ సబ్జెక్టు కోసం వెళ్తున్నారో తెలుస్తుంది, తిరిగి రావాల్సి వచ్చినా పాత అనుభవం నిలబడుతుంది. మా వదిన తమ్ముడు అడ్మిషన్‌ను తర్వాతి ఏడాదికి మార్చుకోగలమా అని యూనివర్సిటీకి రాశాడు, ఒప్పుకున్నారు. ఇప్పుడు ఇక్కడే మడికొండ ఐటీ పార్కులో పని చేస్తున్నాడు.

గ్రూప్స్, ప్రభుత్వ ఉద్యోగాలు

హన్మకొండ లైబ్రరీకి పొద్దున్నే టిఫిన్ డబ్బాతో వచ్చి రాత్రి దాకా చదివేవాళ్లలో బీటెక్ వాళ్లు బోలెడు మంది. వాళ్ల పట్టుదల మీద నాకు గౌరవం ఉంది. ప్రజల పని చేయాలని నిజంగా ఉన్నవాళ్లు వెళ్లాల్సిందే. కానీ కాలం లెక్క తెలుసుకుని వెళ్లాలి. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ రెండుసార్లు జరిగి రెండుసార్లూ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చారు, జూన్‌లో ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. 2022లో బీటెక్ పూర్తి చేసి దీన్నే నమ్ముకున్న పిల్లలకు ఒక్క మెయిన్స్ రాయడానికే రెండున్నరేళ్లు పట్టింది.

ఇక్కడ మూడో ప్రశ్న గట్టిగా తగులుతుంది. చరిత్ర, పాలిటీ, ఎకానమీ చదివిన ఆ ఏళ్లు సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో ఖాళీగానే కనిపిస్తాయి. అందుకే కంప్యూటర్ సైన్స్ పనికొచ్చే ప్రభుత్వ పరీక్షలు ముందు చూడమంటాను: బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టులకు ఐబీపీఎస్ స్పెషలిస్ట్ ఆఫీసర్ పరీక్ష, గేట్ స్కోరు అడిగే ప్రభుత్వ రంగ సంస్థలు, పాలిటెక్నిక్ లెక్చరర్ పోస్టులు. ఒక్క చదువుతో రెండు తలుపులు తట్టొచ్చు. గ్రూప్సే కావాలంటే, ఎన్ని ప్రయత్నాలో, ఏ వయసు దాకానో ఇంట్లో అందరి ముందూ ముందే చెప్పి మొదలుపెట్టండి.

హైదరాబాదా, ఇక్కడేనా? ఏఐ సంగతేంటి?

మడికొండ ఐటీ పార్కులో సైయెంట్, టెక్ మహీంద్రా 2020 జనవరిలో సెంటర్లు తెరిచాయి. ఇంటి తిండి తింటూ పని చేసుకోవచ్చు, జీతంలో మిగిలేది ఎక్కువ. కానీ కంపెనీ మారాలంటే ఇక్కడ చాయిస్ తక్కువ. మొదటి మూడు నాలుగేళ్లు హైదరాబాద్‌లో నేర్చుకుని, ఆ తర్వాత ఇటు రావడం మంచిదని నాకనిపిస్తుంది. ఇంట్లో అమ్మానాన్నల ఆరోగ్యం చూసుకోవాల్సినవాళ్లకు మాత్రం ఈ సలహా వర్తించదు, వాళ్లకు మడికొండే సరి.

ఏఐ వచ్చి ఉద్యోగాలన్నీ పోతాయట అన్న టెన్షన్ ప్రతి విద్యార్థిలో ఉంది. కోడ్ రాసే పనిముట్లు బాగా పెరిగాయి, చిన్న చిన్న పనులు అవే చేసేస్తున్నాయి, ఫ్రెషర్ల మీద ఆ ఒత్తిడి నిజమే. కానీ అది రాసిచ్చిన కోడ్‌లో పైసలు ఎక్కడ జారిపోతున్నాయో చూడగలిగే మనిషి కావాలి కదా. పైన చెప్పిన తక్‌పట్టీ అమ్మాయి లాంటివాళ్లు. బ్రాంచి పేరులో ఏఐఎంఎల్ ఉందా, మామూలు సీఎస్‌ఈ ఉందా అన్నది ఇంటర్వ్యూలో నేను అడగను. గణితం, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌ను ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాష అడుగుతాను.

ఎప్పటిలోపు తేల్చుకోవాలి?

అసలు చిక్కు తేదీల్లో ఉంది. క్యాంపస్ డ్రైవ్‌లు ఏడో సెమిస్టర్ మొదట్లో, జులై-ఆగస్టు నుంచి వస్తాయి. గేట్ దరఖాస్తులు దాదాపు అదే సమయంలో మొదలై పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది. అమెరికా ఫాల్ అడ్మిషన్లకు చాలా గడువులు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మూడూ ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే ఆరో సెమిస్టర్ పరీక్షలు అయిన వెంటనే, మే నెలాఖరుకు, ఒకటి ముఖ్యమైనది, ఒకటి దానికి తోడు అని రెండే ఉంచుకుని మిగతావి కొట్టేయాలి. క్యాంపస్‌కు తోడు గేట్ కుదురుతుంది, సబ్జెక్టులు కలుస్తాయి. గేట్‌కు తోడు ఐటీ ఆఫీసర్ కుదురుతుంది. గ్రూప్స్‌కు తోడుగా సాఫ్ట్‌వేర్ డ్రైవ్‌లు పెట్టుకుంటే రెండూ చెడతాయి.

రాసుకునేటప్పుడు "మంచి సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ కావాలి" అని రాస్తే ఏ రోజూ అది అయిందో లేదో తెలియదు. "ఆగస్టు 15 లోపు గడియారం పెట్టుకుని ఇరవై ఆప్టిట్యూడ్ టెస్టులు, ఎస్‌క్యూఎల్ జాయిన్‌లు, ఒక ప్రాజెక్టు గిట్‌హబ్‌లో" అని రాస్తే ఆ తేదీ నాడు అమ్మకు కూడా చూపించొచ్చు.

పోయిన మే నెలలో మా ఊళ్లో ఒక తమ్ముడితో ఇలాగే అరుగు మీద కూర్చుని రాయించాను. వాళ్ల ఇంట్లో నాలుగు నెలలకు మించి ఆగలేరు, చెల్లెలు ఇంటర్‌కు వస్తోంది. కాగితం మీద నాలుగు దారులూ రాశాడు, ఏదీ కొట్టేయలేక పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఇంటికెళ్లి ఆలోచించుకో అని పంపాను. కాలేజీ తెరిచే ముందు ఫోన్ చేశాడు. "అమెరికా, గ్రూప్స్ కొట్టేసిన అన్నా. గేట్ పక్కన పెట్టుకున్న. డ్రైవ్‌లకే చదువుతున్న."

"ఆప్టిట్యూడ్ టైం పెట్టుకుని చేస్తున్నవా?"

"ఇయ్యాల పొద్దున పన్నెండోది చేసిన అన్నా. పదకొండు నిమిషాలు తక్కువ పడ్డయి."